ఆయన ఎడమచేయి

మా ఆయన చేతిని దొర నలిపించిన రోజున నేను ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద పరక చేపలు ఆరబెడుతున్నాను. ముసురు విడిచి అప్పుడే ఎండ వచ్చింది. మా బాపు తడి వల భుజాన వేసుకొనే పరుగెత్తుకొచ్చాడు. "బిడ్డా, షెడ్డు కాడికి నడువు. అల్లుని వట్టుకున్నరు" అన్నాడు. ఎవరు పట్టుకున్నారని నేను అడగలేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో మనుషులను పట్టుకునేది దొర మనుషులే.

షెడ్డు కూడా దొరదే. ఆయనకు వడ్లమిల్లు, ఒక లారీ, చెరువు కింద కనుచూపు మేర పొలం ఉండేవి. చెరువులో చేపలు ఆయనవి, వాటిని పట్టే మేము కూడా ఆయన వాళ్ళమే. మిల్లు ఇంజనుకో లారీకో ఏదైనా పగిలితే నగరం దాకా మోసుకుపోనక్కర లేకుండా, గ్యాసుతో అతుకులు వేసే మనిషిని తెచ్చి పెట్టుకున్నాడు. ఆ మనిషే మా ఆయన. ఆయనది కందుకూరు పక్క పల్లె. యుద్ధం రోజుల్లో నగరంలో విమానాలు బాగుచేసే చోట కూలికి కుదిరి, అక్కడి వాళ్ళ చేతులు చూసి చూసి వెల్డింగ్ నేర్చుకున్నాడు. యుద్ధం అయిపోయాక అక్కడి నుంచి పంపించేశారు. దొర తీసుకొచ్చాడు. కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ నగరం పోతానంటున్నాడని దొర చెవిన పడింది. దొర మా బాపును గడీకి, తన కోటంత ఇంటికి పిలిపించి, "నీ పిల్లను గానికియ్యి. కాలికి తాడుంటె యాడికి వోడు" అన్నాడు.

అట్లా నా పెళ్ళయింది. నేనే ఆ తాడునని మా ఆయనకూ తెలుసు. నన్ను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, మాట్లాడేవాడూ కాదు. నేను పెట్టింది తిని, నా వైపు చూడకుండా షెడ్డుకు పోయేవాడు.

మేము పోయేసరికి దొర షెడ్డు ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. చుట్టూ ఆయన మనుషులు. కొందరి చేతుల్లో తుపాకులున్నాయి. అవి రజాకార్ల రోజులు. పల్లెల్లో దొరల మీద తిరగబడే సంఘం పెరుగుతోందని, దళాలు తిరుగుతున్నాయని, వాటికి ఎవరో నాటు తుపాకులు చేసిస్తున్నారని దొరలందరికీ భయం పట్టుకుంది. మా దొర మామూలుగానే చెడ్డవాడు. భయపడ్డాక ఇంకా చెడ్డవాడయ్యాడు. ఆ పొద్దున షెడ్డు వెతికిస్తే ఇనుప గొట్టాల ముక్కలు దొరికాయి.

"ఇవేందిరా?" అన్నాడు దొర.

"పంపు పైపులు దొరా. మిల్లు పంపుకు కోసినంక మిగిలినయి."

"తుపాకి గొట్టం గూడ గింతే ఉంటది."

"దొరా, నేను సిల్వర్ పని జేసెటోన్ని. తుపాకులు నాకు రావు."

మా వైపు అల్యూమినియాన్ని సిల్వర్ అనేవాళ్ళు. దొర ఆ మాట నమ్మాడనే నేననుకుంటాను. నమ్మినా, జమైన ఊరికి ఏదో ఒకటి చూపించాలి కదా. ఆయన కోపంగా కూడా లేడు. పని గురించి అడిగినట్టే అడిగాడు.

"మంట ఏ చేత్తోని వడ్తవ్?"

"కుడిచేత్తోని దొరా. ఎడమచేత్తోని తీగ వడ్త."

"అయితె ఎడమది వెట్టుండ్రి. కుడిది మనకు కావాలె."

షెడ్డులో బల్లకు ఒక వైసు బిగించి ఉండేది. దాని ఇనుప దవడల మధ్య వస్తువు పెట్టి పిడి తిప్పితే కదలకుండా బిగుసుకుంటుంది. అందులో మా ఆయన చేయి పెట్టారు. పిడి తిప్పమని మిల్లు ఇంజను నడిపే మనిషికి చెప్పారు. వాడు రోజూ మధ్యాహ్నం మా ఆయన పక్కన కూర్చొని సద్ది విప్పేవాడు. తిప్పుతున్నంతసేపూ మా ఆయన ముఖం చూడకుండా పిడినే చూశాడు. నేను అడుగు ముందుకు వేస్తే మా బాపు నా కొప్పు పట్టుకొని ఆపాడు. మా ఆయన అరిచింది తక్కువ. ధోవతి తడిసిపోయింది. అది చూసి దొర మనుషుల్లో ఒకడు నవ్వాడు.

దొర లేస్తూ, "రేపు లారి రేడియేటర్ జూడు. కారుతుంది" అని చెప్పి పోయాడు.

కట్లు కట్టే ముసలమ్మ పసరు పోసి వెదురు బద్దలతో కట్టింది. కట్టు విప్పేసరికి వేళ్ళన్నీ ఒక్కటిగా అతుక్కున్నట్టు వంకరపోయి ఉన్నాయి. అన్నం గిన్నె ఆనించుకోవడానికి తప్ప ఆ చేయి దేనికీ పనికిరాలేదు. పని మాత్రం ఆగకూడదని గడీ నుంచి కబురు మీద కబురు. వెల్డింగ్‌కు రెండు చేతులు కావాలి. ఒకటి మంట పట్టాలి, ఒకటి తీగ అందించాలి. ఆయన కట్టు విప్పిన మరునాడే నన్ను పిలిచాడు.

"షెడ్డుకు నడువు. తీగ వట్టాలె."

"నాకేం దెల్సు?"

"నాకు మాత్రం పుట్టంగనె దెల్సా. నడువు."

షెడ్డులో ఒక డ్రమ్ము ఉండేది. నీళ్ళలో కార్బైడు రాళ్ళు వేస్తే అందులో గ్యాసు లేస్తుంది. దాని కంపు బట్టల్లోంచి పోయేది కాదు. ఇంకో గాలి ఇనుప సిలిండరులో నిండి నగరం నుంచి లారీ మీద వచ్చేది. రెండూ రబ్బరు గొట్టాల్లోంచి వచ్చి, చేత్తో పట్టుకునే టార్చి అనే ఇత్తడి గొట్టం మూతి దగ్గర కలిసి మండేవి. ముందు ఇనుము మీద నేర్పాడు. అది తొందరగానే వచ్చింది. పల్చటి అల్యూమినియం రేకు దగ్గరికి వచ్చేసరికి నా బతుకు కాలిపోయింది.

"ఇనుము ఎర్రవడి చెప్తది," అన్నాడు మొదటిరోజు. "గిది చెప్పది. ఎప్పటి లెక్కనె తెల్లగ ఉంటది. చూస్తుండంగనె కారిపోతది."

"మరి ఎట్ల దెల్వాలె?"

"సబ్బు రుద్దు. సబ్బు నల్లవడ్డంక తీగ వెట్టు. జర ముందు వెడ్తె అంటుకోది. జర ఎనుక వెడ్తె రేకే ఉండది."

ఆ తీగ చీపురుపుల్ల కంటే సన్నం. ఊపిరి వదిలితే కొస ఊగేది. ముందు రేకును గీకి శుభ్రం చేయాలి. తెల్లటి మందు పొడి నీళ్ళలో కలిపి అతుకు మీద పూయాలి. ఆయన మంట ఆనించి సన్నగా జరుపుతూ పోతాడు. నేను ఆ మంట ముందర తీగ కొసను ఆనించి, చుక్క కరిగి పడగానే వెనక్కి తీయాలి, మళ్ళీ ఆనించాలి. అయిపోయాక వేడినీళ్ళతో రుద్ది కడగాలి. కడగకపోతే ఆ మందే రేకును తినేస్తుంది. అది నా గోళ్ళ సందులను కూడా తినేది. నల్లద్దాలు ఒక్క జతే ఉండేవి. మంట పట్టేవాడివి కనుక అవి ఆయనకే. నేను ఉత్త కళ్ళతో చూసేదాన్ని. ఇంటికి వచ్చాక కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. పొయ్యి మీద అన్నం ఉడికిందో లేదో చేత్తో తడిమి తెలుసుకునేదాన్ని.

తప్పు చేస్తే ఆయన మాట అనేవాడు కాదు. నా చేతిలోంచి తీగ లాక్కొని, వేడిగా ఉన్న కొసను నా మణికట్టు మీద పెట్టేవాడు. అంతకుముందు ముట్టుకోని మనిషి నన్ను రోజూ ముట్టుకున్నది అట్లా. ఒకరోజు నేను, "మంట నువ్వు ఎక్కువ వెట్టినవ్, వాత నాకు వెడ్తున్నవ్" అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. తన వంకర చేయి ఎత్తి నా కళ్ళ ముందు పెట్టాడు. "గిది జూడు. గిది తప్పు జెయ్యలె. దీనికేం వెట్టిండ్రు?" అన్నాడు. తీగ తీసుకొని మళ్ళీ కూర్చున్నాను.

చలికాలం వచ్చేసరికి నా చేయి కుదిరింది. గడీ వంటింటి అన్నం గంజులు, మూతలు, పాల డబ్బాలు అతికాము. అతుకు ఎక్కడుందో వేలితో తడిమితేనే తెలిసేది. ఎవరూ మెచ్చుకోలేదు. దొర మాత్రం వచ్చేపోయేవాళ్ళకు మమ్మల్ని చూపించి, "ఇద్దరు గలిస్తె ఒక్కడు" అని నవ్వేవాడు.

చలికాలంలో చెరువు నిండా బాతులు, నీటికోళ్ళు దిగేవి. దొరకు శికారు పిచ్చి. దాని కోసం నగరంలో ఒక పడవ చేయించుకున్నాడు. యుద్ధంలో మిగిలిపోయిన, విమానాల పెట్రోలు ట్యాంకులకు వాడే పల్చటి రేకుతో చేసిన పడవ అది. ఇద్దరు మనుషులు తలమీద ఎత్తుకుపోయేంత తేలిక. వెట్టికి దాన్ని నడిపేది మా బాపు. దొర కాల్చిన పక్షి నీళ్ళలో పడితే, వణికే చలిలో దూకి దాన్ని తెచ్చేది కూడా ఆయనే. దొరకు వేటకుక్కలున్నాయి కానీ అవి జబ్బు పడతాయని నీళ్ళలోకి పంపేవాడు కాదు.

ఒక పొద్దున పడవ ముక్కు నీళ్ళలో మునిగి ఉన్న బండకు తగిలి చీరిపోయింది. బాపును కట్ట మీద బోర్లా పడుకోబెట్టి కొట్టారు. పడవను షెడ్డుకు మోయించారు. దాని ఒక కొసను మోసింది కూడా, దెబ్బలు తిన్న ఆ వీపుతో, బాపే. నగరం నుంచి ఒక పెద్ద అధికారి శికారుకు వస్తున్నాడని, ఆలోపు పడవ నీళ్ళలో ఉండాలని దొర చెప్పాడు.

చీలిక మూరెడు పొడవుంది. గంజు మూత వేరు, ఇది వేరు. ఎంత పొడవు అతికితే అంత వేడి పాకి, రేకు ఉబ్బి మెలిక తిరుగుతుంది. మా ఆయన చీలికను అక్కడక్కడ చుక్కలతో పట్టించి, తర్వాత మధ్యలోంచి అటూ ఇటూ పోదామన్నాడు. దొర కుర్చీ తెప్పించుకొని చూస్తూ కూర్చున్నాడు. సగం పోయాక నా కంట్లో నీళ్ళు నిండి సబ్బు రంగు కనిపించలేదు. తీగ ఆలస్యమైంది. ఏ చప్పుడూ లేకుండా అరచేయంత రేకు కారి కింద పడింది. మా ఆయన టార్చి ఆర్పి, కాలితో నా నడుములో తన్నాడు. నేను పడవ అంచు మీద పడ్డాను.

దొర పగలబడి నవ్వాడు. "నీ ఎడమచెయ్యిని నువ్వే కొట్టుకుంటున్నవ్ గదరా" అన్నాడు. ఆయన మనుషులందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వి ఉంటాడు. ఆ నవ్వు మాత్రం తన్ను కంటే ఎక్కువ నొచ్చింది.

మరునాడు ఆ బొక్కకు మాటు ముక్క కోసి పెట్టి, మొత్తం అతికాము. అతుకు బాగా వచ్చింది. చిన్న చేప పొలుసులు వరసగా పేర్చినట్టుంది. కడిగి, కట్ట దగ్గరికి తీసుకుపోయాము. అతిథి అప్పటికే వచ్చాడు. దొర పక్కన టోపీ పెట్టుకొని నిలబడ్డాడు.

"అతుకు నిలుస్తదా?" అన్నాడు దొర.

"నిలుస్తది దొరా."

"నిలుస్తదనెటోడే ఎక్కాలె. నువ్వెక్కుతవా, నీ పెండ్లామెక్కుతదా?"

మా ఆయన నీళ్ళ వైపు చూశాడు. ఆయనకు ఈత రాదు. "ఆమె ఎక్కుతది," అన్నాడు. "ఆమెకు ఈత వస్తది."

ఆ మాట నన్ను బలిపెట్టడానికి అన్నాడో, నా మీద నమ్మకంతో అన్నాడో, తన ప్రాణం మీద తీపితో అన్నాడో నేను ఎన్నోసార్లు ఆలోచించాను. మూడూ కావచ్చు. బాపు ముందుకొచ్చి, "నేను నడుపుత దొరా, నా బిడ్డను ఒక్కదాన్ని పంపకుండ్రి" అన్నాడు. దొర సరేనన్నాడు. బరువు చాలదని పడవలో రాళ్ళు వేయించాడు.

లోతు దగ్గరికి పోయాక నేను వంగి అతుకు మీద చేయి పెట్టాను. పొడిగా ఉంది. అంచు దాకా తడిమాను. ఎక్కడా చెమ్మ లేదు. ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో, నాకు సంతోషం కలిగింది. బాపు గెడ వేయడం ఆపి తానూ వంగి చూశాడు. "మంచిగ అతికినవ్ బిడ్డా," అన్నాడు.

మా పడవ అలికిడికి తుంగలోంచి నీటికోళ్ళు లేచాయి. మాకూ కట్టకూ మధ్య తక్కువ ఎత్తున ఎగిరాయి. దొర కాల్చాడు. అతిథికి గురి చూపించాలని తొందరపడ్డాడేమో, మేము అడ్డం ఉన్నామని చూడనేలేదో. కందిగింజలంత సీసపు గుండ్లు పడవ పక్క రేకులోంచి దూసుకొచ్చాయి. బాపు గెడ వదిలేసి కూర్చున్నాడు. మెడ దగ్గర, భుజం మీద, చెంప మీద ఎర్రటి చుక్కలు లేచాయి. ఒక కన్ను మూసుకుపోయింది. బొక్కల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. నేను రాళ్ళు బయటికి విసిరి, కొంగు చింపి బొక్కల్లో కుక్కి, చేతులతో నీళ్ళు తోస్తూ ఒడ్డుకు తెచ్చాను.

అతిథి ముఖం తిప్పుకున్నాడు. దొర బాపును చూసి, "అడ్డమెందుకొచ్చిండు" అన్నాడు. తర్వాత వంగి పడవను చూశాడు. "రేకుకు బొక్కలు వడ్డయి. రేపటికి పూడ్వుండ్రి. వచ్చినాయన శికారు జెయ్యకుండ వోతడా."

దవాఖాన నగరంలో ఉంది. లారీ మిల్లు ముందు నిలబడి ఉంది. మా ఆయన జీవితంలో ఒకటే మేలు అడిగాడు దొరను. "లారి ఇయ్యి దొరా. తుర్కయాంజాల్ దాటితె దవాఖాన్ల వడ్తం." లారీ వడ్లకు పోవాలన్నాడు దొర. బాపును ఇంట్లో నులక మంచం మీద పడుకోబెట్టి పసుపు అద్దాము.

మరునాడు పొద్దున మా ఆయన గడపలో నిలబడి, "రా" అన్నాడు.

"మా బాపు గట్ల వడి ఉంటె ఎట్ల వస్త?"

"మనం వోకుంటె మనల్ని దెచ్చి మీ బాపు పక్కన పండవెడ్తరు. రా."

పోయాను. పడవ లోపలి వైపు రక్తం ఎండి పెచ్చు కట్టింది. నేను తీగ తీసుకున్నాను. ఆయన టార్చి వెలిగించలేదు. "రక్తముంటె తీగ అంటుకోది. గీకు," అన్నాడు. ఇనుప బ్రష్షుతో మా బాపు రక్తం నేను గీకాను. రేకు మెరిసేదాకా గీకాను. తర్వాత సబ్బు రుద్దాను, మందు పూశాను. ఒక్కో బొక్క దగ్గర ఆయన మంట ఆనించాడు, నేను ఒక్కో చుక్క వేశాను. ఆ రోజు సబ్బు నల్లబడీ పడగానే తీగ ఆనించాను. ఒక్క చుక్క కూడా తప్పిపోలేదు. అది చూసి ఆయన, "ఇప్పుడొచ్చింది నీకు పని" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అంతకంటే క్రూరమైన మాట నేను వినలేదు.

బాపు ఎండలు ముదరకముందే పోయాడు. మెడలో గుండ్లు చీము పట్టాయి. చివరికి నీళ్ళు కూడా మింగలేకపోయాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కనుక ఆ ఇంటికి ఇంక నేనొక్కదాన్నే.

వానలు వెనకబడే వేళకు రజాకార్లను తరమడానికి మిలిటరీ వచ్చింది. దొర అంతకుముందే పిల్లాపాపలతో నగరం వెళ్ళిపోయాడు. తుపాకులు పట్టుకొని తిరిగినవాళ్ళు ఎటు పోయారో తెలియదు. జనం గడీ తలుపులు విరిచి వడ్లు మోసుకుపోయారు. మా వాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, పడవను కట్ట మీదికి ఈడ్చి గొడ్డళ్ళతో నరికారు. నేనూ రెండు దెబ్బలు వేశాను. మా అతుకు దగ్గర మాత్రం గొడ్డలి జారిపోయింది. పక్కన ఉన్న రేకు తెగింది కానీ అది తెగలేదు.

మా ఆయన దూరంగా నిలబడి, "రేకు మంచిది, పారెయ్యకుండ్రి" అన్నాడు. ఆ ముక్కలు షెడ్డుకు తెచ్చి, కోసి, సాగగొట్టి, పళ్ళేలు చేశాము. మట్టి చిప్పల్లో తినేవాళ్ళకు ఇంటికొక సిల్వర్ పళ్ళెం. ఆ కొద్దిరోజులు ఆయన నాకు వాతలు పెట్టలేదు. ఒకనాడు నల్లద్దాలు తీసి నాకిచ్చి, "జరసేపు నువ్వు వెట్టుకో" అన్నాడు. సంసారమంటే ఇదేనేమో, మొదలవుతోందేమో అనుకున్నాను.

దొర కొత్త సర్కారు వాళ్ళ తెల్లటోపీ పెట్టుకొని తిరిగొచ్చాడు. ఈసారి వెనక పోలీసులు. గడీ సొమ్ము ఎవరింట్లో ఉందో వెతకడం కష్టం కాలేదు. ఇంటింటా పళ్ళేలు మెరుస్తున్నాయి. ఎవరి పళ్ళెంతో వాళ్ళ తలల మీద కొట్టారు. మా ఆయనను గడీ దోచినవాడని, దళాలకు తుపాకులు చేసినవాడని కట్టేసి తీసుకుపోయారు. బండి ఎక్కేముందు ఆయన నా వైపు చూసి ఏదో అన్నాడు. గోలలో నాకు వినపడలేదు.

కొన్నాళ్ళకు ఇంజను నడిపే మనిషి నా గుడిసెకు వచ్చాడు. మా ఆయన చేయి నలిపినవాడే. తల వంచుకొని చెప్పాడు. "అక్కా, దొర కొత్త మనిషిని దెచ్చిండు. గానికి పల్చటి రేకు చేతనైతలేదు. నిన్ను రమ్మంటున్నడు. రాకుంటె గుడిసె పీకిస్తనన్నడు."

"పీకియ్యమను" అన్నాను.

పీకకముందే నేను బయలుదేరాను. తుర్కయాంజాల్ మీదుగా నడిచి నగరం చేరాను. గిన్నెలు చేసే గల్లీలో ఒక ముసలి మేస్త్రీ నన్ను పనికి పెట్టుకున్నాడు. ఆయన కొడుకులు మిలిటరీ వచ్చిన గడబిడలో ఇల్లు విడిచిపోయి తిరిగి రాలేదు. నేను తీగ ఒక్కటే పట్టగలనని చెబితే, "దూసరా హాత్ క్యా ఖుదా ఐసేచ్ దియా?" అని, రెండో చేయి దేవుడు ఊరికే ఇచ్చాడా అని అడిగి, టార్చి నా కుడిచేతిలో పెట్టాడు. మొదట్లో చాలా రేకులు కారిపోయాయి. ముసలాయన తిట్టాడు, ఆకలితో పడుకోబెట్టాడు, కానీ వాత పెట్టలేదు. మెల్లగా రెండు చేతులూ ఒకదాని మాట ఒకటి వినడం మొదలుపెట్టాయి. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడా ఆ గల్లీలోనే నేర్చుకున్నాను.

సిల్వర్ అతికే ఆడమనిషి ఎక్కడని గిన్నెల గల్లీల్లో అడుగుతూ మా ఆయన వచ్చిన రోజు నేను గంజు అంచు అతుకుతున్నాను. నీడ పడితే తల ఎత్తాను. గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. పళ్ళు ఊడిపోయి, చెంపలు లోపలికి పోయాయి. ఆయన నన్ను కాదు, నా రెండు చేతులను చూస్తున్నాడు.

"ఇడిసిండ్రా?" అన్నాను.

"దొర మాట జెప్పిండు. ఇడిసిండ్రు."

"ఊరికెనె జెప్పిండా?"

"నిన్ను దీస్కరమ్మన్నడు. మనిద్దరం మల్ల షెడ్డుల జెయ్యాలె."

"నేను రాను."

"రాకుంటె నన్ను మల్ల లోపలేస్తరు."

నేను మంట ఆర్పాను. "ఈడనె ఉండు. మేస్త్రికి జెప్త. ఇద్దరం జేస్కుందం" అన్నాను. మనసులో ఉన్న మాటే అన్నాను. ఆయన లోపలికి వచ్చి టార్చి అందుకున్నాడు. నేను పాత అలవాటున తీగ పట్టుకొని ఎదురుగా కూర్చున్నాను. ఆయన కుడిచేయి వణుకుతోంది. ఠాణాలో దానినీ వదల్లేదని అప్పుడు తెలిసింది. మంట నిలవలేదు. రేకు కారి మా ఇద్దరి మధ్య పడింది.

ఆయన టార్చిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. నేను రొట్టె పెడితే నీళ్ళలో నానబెట్టుకొని తిన్నాడు. లేచేటప్పుడు అన్నాడు, "నువ్వు సచ్చిపోయినవని జెప్త. గత్తర రోగం తగిలి సచ్చిందని. సచ్చినదాన్ని దెమ్మని అనరు గద."

"నువ్వు?"

"సుత్తె వడ్త. ఇంజను కాడ బూడిదెత్త. ఏదో ఒకటి జెప్తరు."

ఆ మాట నన్ను కాపాడింది, నా ఊరిని కూడా తీసేసుకుంది. ఆయన చెప్పినట్టే చెప్పాడు. మా వాళ్ళు చెరువు కట్ట మీద నాకు దినం చేశారని, కూడు పెట్టారని తర్వాత తెలిసింది. తెలిసింది ఇట్లా. చాలా ఏళ్ళకు, నగరంలో చేపల బజారులో, గంప ముందు కూర్చున్న ఒక ఆడమనిషి నా చేయి పట్టుకుంది. మా చిన్నాయన బిడ్డ. చిన్నప్పుడు ఒకే గంజులో తిన్నవాళ్ళం.

"నువ్వు మా అక్కవు గదా?" అంది.

దొర ఇంకా బతికే ఉన్నాడు. మా ఆయన ఆ దొర నీడలోనే ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉంటే, నేను బతికున్నానన్న మాట మా ఆయనను ఏం చేస్తుందో తెలుసు.

"కాదు" అన్నాను.

ఆమె నా ముఖమంతా వెతికింది. "గట్లనె ఉన్నవ్. ఆమె సచ్చిపోయింది. దినానికి నేనే వండిన," అని కళ్ళు తుడుచుకొని, చేపలు ఏరి నా సంచిలో వేసింది. మా ఆయన ఎట్లా ఉన్నాడని అడగడానికి నోరు తెరిచాను. అక్కను కాదన్నాక ఎవరని అడగను, ఏ వరసతో అడగను. సంచి మూతి ముడి వేసుకొని నడిచాను.